వదిలేసిన పారైకి కిలో నూట ముప్పై

2023 సెప్టెంబరు. రాజపాళయం పాత బస్‌స్టాండు పక్క వీధిలో నా ట్రావెల్స్ ఆఫీసు. ఆఫీసంటే పదడుగుల గది, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, గోడకు తమిళ క్యాలెండరు. స్పిన్నింగ్ మిల్లు లెక్కల సెక్షనులో రిటైరైన తరువాత 2011లో దీన్ని తెరిచాను. నా వ్యాపారమంతా గుడి యాత్రలే. నవతిరుపతికి వ్యాను, పళనికి బస్సు, కాశీకి రైలు. పన్నెండేళ్ళలో నా గడప తొక్కిన వాళ్ళలో ఒంటరిగా ఎక్కడికైనా పోతామన్న వాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఇక సముద్రంలో చేపలు పట్టడానికి పోతానన్నది అప్పటికి ఒకే ఒక్క మనిషి. ఆమె కోసం నేను వేసిన లెక్క, ఆ లెక్క నడిసముద్రంలో మలుపు తిరిగిన తీరు ఈ పని తెలియని వాళ్ళకు కూడా చెప్పదగ్గ సంగతి. తలచుకుంటే ఇప్పటికీ నా కాళ్ళు నేలమీద నిలవవు.

ఆమె పేరు పి. విజయలక్ష్మి. వయసు నలభై ఎనిమిది. చోళపురంలో కాపురం. రాజపాళయంలో సర్జికల్ బట్ట చేసే ఒక యూనిట్‌లో చెకింగ్ పని. అంటే, ఆసుపత్రులకు పోయే పల్చటి గాజ్ కట్టుగుడ్డలో పోగు తెగిందా, మరక పడిందా అని దీపం ముందు పరచి చూడటం. ఒక సోమవారం పని దిగి నేరుగా వచ్చింది. చీర కొంగుమీద దూది నూగు ఇంకా అలాగే ఉంది.

"పెద్దమ్మా, కడలికి పోయి తూండిల్ వెయ్యాల," అంది కూర్చోకుండానే. తూండిల్ అంటే గాలం.

"ఎంతమంది?"

"నేను ఒక్కదాన్నే దా." మాట నొక్కి చెప్పడానికి ఇక్కడ 'దా' అంటారు.

"వ్యాను నిండా మనుషుల్ని తెచ్చే ఊరమ్మా ఇది. ఒక్కదానివి ఏంది?"

"అందుకే పెద్దమ్మా! పుట్టినప్పటినించి ఎక్కడికి పోయినా పదునైదు మంది, రెండు సాంబారు గుండిగలు. మా నాయన నన్ను చెరువుగట్టున కూసోబెట్టి వెదురుకర్రతో గాలం వేసేది నేర్పినాడు. ఇప్పటికీ ఆదివారం పొద్దున వేస్తాను. ఊరంతా నవ్వుతాది. మా ఇంటాయన ఎలుగెత్తి నవ్వుతాడు. కడల్లో ఒక్కసారి, ఒక పెద్ద మీను, నా చెయ్యి ఒక్కటే తగిలి పైకి రావాల. పక్కన ఇంకొకరి గాలం ఉండకూడదు."

"డబ్బు ఎంత పెడతావు?"

"పన్నెండు వేలు. రెండేళ్ళ ఓవర్‌టైము. అంతే. దానిపైన ఒక్క రూపాయి లేదు."

నాకు సముద్రపు చేపల వేట గురించి తెలిసింది సున్న. కానీ లెక్క తెలుసు. తూత్తుక్కుడి అవతల ఒక కడలోర ఊళ్ళో చార్టర్ పడవలు తిప్పే అంతోణి అనే ఆయన నంబరు ఒక డ్రైవరు ఇచ్చాడు. చార్టర్ అంటే పడవనూ పడవవాళ్ళనూ మొత్తంగా బాడుగకు మాట్లాడుకోవడం. బస్సులో సీటు కొనడం లాంటిది కాదు, బస్సునే మాట్లాడుకోవడం. అంతోణి ఆ పడవకు యజమాని, స్కిప్పరు కూడా. అంటే చుక్కాని పట్టేవాడు. ఆయన మాట్లాడేది తమిళం. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆయన రేటు పూర్తి దినానికి ఇరవై రెండు వేలు, అరదినానికి పదమూడు వేలు. నలుగురి దాకా ఎక్కవచ్చు.

"నలుగురు ఎక్కితే మనిషికి మూడు వేల రెండు వందల యాభై. ఒక్కరు ఎక్కితే?" అన్నాను.

"పదమూడు వేలే పాట్టీ. ఒకరు ఎక్కినారని ఇంజను తక్కువ తాగుతాదా?" అన్నాడు. పాట్టీ అంటే అవ్వ.

నాకిది కొత్త కాదు. గుడి వ్యానుకైనా ఇదే న్యాయం. ఒంటరి మనిషి తన సీటుకు మాత్రమే కాదు, ఖాళీగా ఉన్న మూడు సీట్లకూ డబ్బు కడతాడు. మిగతా ముగ్గుర్ని వెతికి జతచేసే పద్ధతి ఒకటుంది. దాన్ని షేర్డ్ చార్టర్ అంటారు. మన షేర్ ఆటో లాంటిదే, తల నిండితేనే కదులుతుంది. విజయకు ఫోనులో చెప్పాను. "వద్దు పెద్దమ్మా. నలుగురి దారాలు నీళ్ళలో చిక్కుపడితే మీను ఎవరిదని తగవు. నా మీను నాదే కావాల," అంది. ఆ ఖాతా అక్కడే మూసేశాను.

మరుసటి దినం అంతోణికి మళ్ళీ ఫోను చేశాను. ఈసారి రేటు అడగలేదు. "నీ పడవ ఏ దినాల్లో ఊరికే కట్టేసి ఉంటాది?" అని అడిగాను.

ఆయన పెద్దగా నిట్టూర్చాడు. "ఏం అడుగుతారు పాట్టీ. పురట్టాసి వస్తా ఉండాది. ఆ నెలంతా మదురై నించి, విరుదునగర్ నించి ఒక్క కాకి రాదు. శనివారమైతే ఇంకా అధ్వానం. మాకు నోన్పు లేదు, మేము చర్చికి, మాతా కోవిల్‌కు పోయేవాళ్ళం. నోన్పు పట్టేది మీరు, పస్తుండేది మేము."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆంధ్రలో ఉన్న పాఠకులకు ఒక మాట చెప్పాలి. పురట్టాసి పెరుమాళ్ళ నెల. సెప్టెంబరు సగంనించి అక్టోబరు సగందాకా ఉంటుంది. ఇక్కడ మా తెలుగు ఇళ్ళలోనూ చాలా తమిళ ఇళ్ళలోనూ ఆ నెల నోన్పు, అంటే నోము. చేప, మాంసం గడప దాటి రావు. శనివారం పెరుమాళ్ళకు పొంగలి, వడలు నైవేద్యం పెట్టి దళిగ వేస్తారు. మా ఇంట్లోనూ అంతే. అందుకే నాకు తట్టింది. ఒంటరి మనిషికి చౌక దినం కావాలంటే, పడవ కూడా ఒంటరిగా ఉండే దినం వెతకాలి!

"అరదినానికి నీకు డీజిలు నలభై లీటర్లు, తొంభై నాలుగు చొప్పున మూడు వేల ఏడు వందల అరవై," అన్నాను. "నీకూ నీ తమ్ముడికీ కూలి చెరి పదునైదు వందలు, మూడు వేలు. ఎరకూ ఐసుకూ ఆరు వందలు. మొత్తం ఏడు వేల మూడు వందల అరవై. పురట్టాసి శనివారం తొమ్మిది వేలకు వస్తావా? కట్టేసిన పడవకు పదహారు వందల నలభై మిగులు."

"పాట్టీ, మీరు ముందు పడవ నడిపినారా?" అన్నాడు.

"లేదు. మిల్లులో వేస్ట్ కాటన్ లెక్క చూసినాను."

నవ్వాడు. "సరి, తొమ్మిది. కానీ ఒక మాట. పడిన మీను అంతా పడవకే. మీరు ఎట్లా అయినా ఇంటికి తీసుకొని పోలేరు కదా."

ఇది చార్టర్లలో ఉన్న పద్ధతే. బాడుగ తగ్గించినచోట క్యాచ్, అంటే పట్టుబడిన చేప, పడవవాళ్ళకు చెందుతుంది. వాళ్ళు ఏలంలో అమ్ముకుంటారు. విజయను అడిగాను. "తినేదానికా నేను పోయేది? వాళ్ళకే ఉండనీ," అంది. శనివారం నోన్పు సంగతి కూడా ఆమే ఎత్తింది. "నోన్పు నోటికి కదా పెద్దమ్మా?" అంది. నాకూ అలాగే తోచింది.

చివరి అడ్డు ఆమె ఇంటాయన. ముక్కూమొహం తెలియని మగవాళ్ళ పడవలో ఒక్కదాన్ని పంపనన్నాడు. అందులో తప్పేమీ లేదు. నేను తోడు పోతానన్నాను. చార్టర్ భాషలో నా లాంటివాళ్ళను రైడర్ అంటారు. గాలం పట్టకుండా ఊరికే కూర్చునే మనిషన్న మాట. కొందరు దానికీ డబ్బు తీసుకుంటారు. అంతోణి తీసుకోలేదు. విజయ మాత్రం ఒక షరతు పెట్టింది.

"పెద్దమ్మా, పడవలో మీరు మాట్లాడకూడదు. ఇట్లా పట్టు, అట్లా లాగు అని చెప్పకూడదు."

"నోరు తెరిస్తే అడుగు," అన్నాను.

ఆమె పన్నెండు వేల పద్దు ఇదీ. పడవకు తొమ్మిది వేలు. గాలపు కర్ర రాడ్, దారం చుట్టే రీల్ బాడుగ ఆరు వందలు. లాడ్జి గది తొమ్మిది వందల్లో ఆమె సగం నాలుగు వందల యాభై. బస్సు, ఆటో రానుపోను మూడు వందల నలభై. తిండి, నిమ్మకాయలు నాలుగు వందల యాభై. మొత్తం పది వేల ఎనిమిది వందల నలభై. చేతిలో నిలవ పదకొండు వందల అరవై. నా ఖర్చు నాది.

అక్టోబరు 7, పురట్టాసి మూడో శనివారం. తెల్లవారే వేళకు ఒడ్డుకు చేరాము. అంతోణి పొట్టి మనిషి, ఛాతీమీద సిలువ గొలుసు. ఆయన తమ్ముడు రాయప్పన్‌కు నలభై ఏళ్ళు ఉంటాయి. అన్న ఒక మాట అంటే తాను రెండనే రకం. నారింజ రంగు లైఫ్ జాకెట్ నా చీరమీద కడుతూ, "పాట్టీ, మీరు కడల్లో పడితే మీను మిమ్మల్ని లెక్క అడగకుండా వదలదు," అన్నాడు. అన్నగారు అప్పటికే నా సంగతి చెప్పేసినట్టుంది.

ఏలం షెడ్డు పక్కనుంచే పోయాము. బుట్టలనిండా చేపలు, కొనేవాళ్ళు ముగ్గురే. అంతోణి ఆగి అక్కడివాళ్ళతో ఏదో మాట్లాడి, ఉసూరుమంటూ వచ్చాడు. "చూసినారా, పారై కిలో నూట ముప్పై! సంక్రాంతి వచ్చే తై నెలలో మూడు వందలు పలికే మీను." పారైని ఆంధ్ర తీరంలో పార అంటారట. బలమైన చేప. గాలానికి పడిందంటే చెయ్యి ఊడదీస్తుందని చెబుతారు.

నేను సముద్రంమీదికి పోవడం అదే మొదలు. నీళ్ళు నూనె పరచినట్టు ఉన్నాయి. దీవుల దగ్గర వేట కూడదు కాబట్టి వాటికి దూరంగా సాగాము. విజయ ముందు బల్లమీద కూర్చుంది, చీర మానేసి చుడీదారు, తలకు తువ్వాలు. ఆ ముఖంలో నలభై ఎనిమిదేళ్ళలో పదేళ్ళే కనబడ్డాయి.

మొదట ట్రోలింగ్ చేశారు. ఉత్తుత్తి ఎరను వెనక కట్టి పడవను మెల్లగా నడపడం. ఏమీ పడలేదు. తరువాత ఒక సన్నటి సీలా చేప పడింది కానీ, పైకి వచ్చేలోగా గాలం వదిలించుకొని పోయింది. సూర్యుడు పైకొచ్చాడు. అరదినంలో సగం అయిపోయింది. వాంతి రాకుండా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చున్నాను. విజయ వెనక్కి తిరిగి నావైపు చూసింది. అడగలేదు కానీ నాకు తెలిసింది. రెండేళ్ళ ఓవర్‌టైము!

అంతోణి ఇంజను ఆపి, "ఇక్కడ కింద పార్ ఉండాది," అన్నాడు. పార్ అంటే నీళ్ళ అడుగున ఉండే రాతి తిట్ట. చేపలు దాని చుట్టూ తిరుగుతాయి. ఇక్కడ జిగ్గింగ్ పద్ధతి. చేప ఆకారంలో ఉన్న సీసపు ముక్కను అడుగుదాకా దించి, ఎగరేస్తూ ఎగరేస్తూ పైకి లాగాలి. విజయ దించింది. ఎగరేసింది. మళ్ళీ దించింది.

మూడోసారి రాడ్ విల్లులా వంగి కొన నీళ్ళను ముట్టింది. రీల్ కీచుమని అరిచింది. ఆ అరుపు నేను జన్మలో మరవను! మిల్లులో నూరు ఫ్రేములు ఒకేసారి మొదలైనట్టు!

"లూసు! లూసు విడుంగ!" అని అంతోణి కేక, వదులు చెయ్యమని. రీల్‌కు డ్రాగ్ అని ఒక బిగింపు ఉంటుంది. చేప లాగినప్పుడు దారం తెగకుండా జారనిస్తుంది. చెరువులో చేసినట్టు ఆమె బిగించి లాగుతోంది. చటుక్కున వేలితో డ్రాగ్ తిప్పింది. దారం పోతూనే ఉంది. రాడ్ మొదలు ఆమె పొట్టలో గుచ్చుకుంటోంది, మోకాళ్ళు పడవ అంచుకు కొట్టుకుంటున్నాయి. రాయప్పన్ గభాలున వచ్చి రాడ్ పట్టుకోబోయాడు.

"ముట్టొద్దు!" అని అరిచింది విజయ. "ముట్టినావంటే నా మీను కాదు!"

"అక్కా, చెయ్యి పోతాది!"

"పోనీ!"

"ముట్టద్దన్నది కదరా, నీ చెయ్యి తియ్యి!" అని నేనూ అరిచాను. మాట్లాడనన్నానని గుర్తుకు వచ్చింది కానీ అప్పటికే లేచి నిలబడి ఉన్నాను. "లాగు విజయా! వదులు! లాగు!" ఏది ముందో నాకేం తెలుసు? అంతోణి నా జాకెట్ వెనకనుంచి పట్టుకున్నాడు, నేను పోయి నీళ్ళలో పడకుండా. ఆ చేప పడవ కిందికి దూరింది, ఆమె చుట్టూ తిరిగి అటువైపు వచ్చింది. అది పారింది, ఆమె వదిలింది. అది అలిసింది, ఆమె చుట్టింది. ఎంతసేపు సాగిందో నేను చెప్పలేను. గడియారం చూడటం మరిచాను.

ఆఖరికి వెండిపళ్ళెంలా ఏదో నీళ్ళలో పక్కకు ఒరిగి మెరిసింది. పారై! రాయప్పన్ ఈల వేశాడు. విజయ నవ్వుతోందో ఏడుస్తోందో తెలియదు. అంతోణి గాఫ్ అందుకున్నాడు. గాఫ్ అంటే కొక్కెం బిగించిన కర్ర. చేప ఒంట్లోకి దించి పైకి లాగుతారు.

ఆమె ఉన్నట్టుండి చెయ్యి అడ్డం పెట్టింది.

"అన్నా, వద్దు."

"ఏంది వద్దు?"

విజయ నావైపు తిరిగింది. "పెద్దమ్మా, ఇంట్లో మా అత్త ఇప్పుడు దళిగ వేస్తా ఉంటాది. నోన్పు నోటికి అన్నాను. నోటికి మాత్రమేనా? దీని కన్ను చూడండి. ఇది నా చేతికి వచ్చింది, చాలు. చంపింది నేను కాకూడదు."

అంతోణి గాఫ్ పక్కన పెట్టలేదు. "అమ్మా, మాట ప్రకారం మీను పడవది. మీరు పట్టినారు, సంతోషం. మేము అమ్ముకోవాల. ఈ నెల మా ఇంట్లో ఏముండాదో మీకు తెలుసునా?"

ఆయన చెప్పింది న్యాయమే. ఆ ఒప్పందం చేసింది నేను. చేప నోరు తెరిచి మూస్తోంది. రాయప్పన్ దాన్ని వలలో పెట్టి నీళ్ళలోనే పట్టుకున్నాడు. ఎక్కువసేపు పట్టుకుంటే వదిలినా బతకదు.

"అంతోణి, నీ మీనును మేము కొంటాము," అన్నాను. "ఎంత బరువు?"

ఆయన చూశాడు. "తొమ్మిది కిలో."

నా కంటికి ఎనిమిదికి మించదు. ఇంకో దినమైతే ఆ ఒక్క కిలోకు అరగంట వాదించేదాన్ని. "సరి, తొమ్మిది," అన్నాను. "పొద్దున షెడ్డులో నువ్వు చెప్పిన రేటు నూట ముప్పై. పదకొండు వందల డెబ్భై."

"పాట్టీ, అది పురట్టాసి రేటు!"

"ఇది ఏ నెల?"

రాయప్పన్ పడవ అంచుమీద వాలిపోయి నవ్వాడు. "అన్నా, పాట్టి చేతిలో నువ్వు దా గాలానికి పడినావు!" అంతోణి ఒక క్షణం ముఖం ముడుచుకొని ఉన్నాడు. తరువాత ఆయనకూ నవ్వు ఆగలేదు. గాఫ్ కింద పెట్టేశాడు.

విజయ చేతిలో ఉన్నది పదకొండు వందల అరవై. నా కొంగుముడిలోంచి పది తీసి కలిపాను. ఇక పని అంతా అంతోణే చేశాడు. పట్టకారుతో గాలం ఊడదీశాడు. చేప తోక మొదలును విజయ చేతికిచ్చి, "ముందుకు, ముందుకు తొయ్యండి, నోట్లోకి నీళ్ళు పోవాల," అని చెప్పాడు. క్యాచ్ అండ్ రిలీజ్ అంటే పట్టి నీళ్ళలోకి విసిరేయడం అనుకునేదాన్ని. కాదు. దానికి ఊపిరి తిరిగి వచ్చేదాకా పట్టుకొని ఉండాలి. ఆమె అంచుమీద బోర్లా పడుకొని దాన్ని ముందుకూ వెనక్కూ ఆడించింది. కాసేపటికి దాని తోక బిగిసింది. ఒక్క దెబ్బ! నీళ్ళు ఎగసి నా కళ్ళద్దాలూ ముఖమూ తడిసి ముద్దయ్యాయి. తుడుచుకొని చూసేసరికి నీలమే మిగిలింది.

"పోయింది పెద్దమ్మా!" అని విజయ అరిచిన అరుపు, చేప పడినప్పటి అరుపుకంటే పెద్దది.

ఒడ్డుకు వచ్చాక మధ్యాహ్నపు బస్సులో ఆమె రెండు చేతులూ ఒళ్ళో పరచుకొని కూర్చుంది. దారం కోసిన గీతలు ఎర్రగా ఉన్నాయి. సోమవారం పని దిగి వచ్చి పది రూపాయల బిళ్ళ నా బల్లమీద పెట్టింది. "ఇంటాయన నమ్మలేదు. చేతులు చూపించినాను. నవ్వలేదు," అంది. తరువాత గోడమీది క్యాలెండరు దగ్గరికి పోయి, "పెద్దమ్మా, వచ్చే పురట్టాసిలో శనివారాలు ఏ తేదీలు?" అని అడిగింది.

ఒంటరిగా పోయేవాళ్ళ లెక్క నాకు అప్పుడే తెలిసింది. సగం లెక్క పడవ ఖాళీగా ఉండే దినాన్ని వెతికి పట్టడం. రెండో సగం, పట్టినదాన్ని వదలాలని మనసు తిరిగితే దాని వెల ఏమిటో ఒడ్డునే తేల్చుకోవడం. రేటు అడిగేముందే ఇప్పుడు నేను ప్రతి స్కిప్పరునూ అడిగే మాట అది. నడిసముద్రంలో, చేప నోరు తెరిచి ఉండగా బేరం ఆడకూడదు.

కిందటి ఆగస్టులో అంతోణే ఫోను చేశాడు. "పాట్టీ, ఈ పురట్టాసికి ఎవరైనా ఒంటరి మనుషులు ఉండారా? వదిలే రేటు ఎంత పెడదాం?"

"కిలో నూట ముప్పై," అన్నాను. "బరువు నువ్వు చెప్పిందే."